పగలగొట్టే రోజు

తైపింగ్ ఊరి పెద్ద వీధి. మూడంతస్తుల ఖాళీ కొట్ల భవనం, దాని ముందు బాటసారులు నడిచే వరండా. మధ్యాహ్నం, వానకి ముందు. పెళ్ళయి నాలుగు నెలలైన వెయ్ జిన్, అతని భార్య హుయ్ థెంగ్ దాన్ని పడగొట్టే కాంట్రాక్టరు కోసం ఎదురుచూస్తున్నారు.

"—చెప్పులేసుకొచ్చాడని మొదటివాణ్ణి పంపించేశావు, థెంగ్."

"రబ్బరు చెప్పులు, జిన్! భవనం పడగొట్టేవాడు రబ్బరు చెప్పులేసుకుని వస్తాడా? రేపు వాడి కాలి మీదే ఇటుక పడితే?"

"సరే. రెండోవాడు బూట్లేసుకొచ్చాడు."

"వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లోనే ఉన్నాడుగా. మన మొహాలు కూడా చూళ్ళేదు."

"మూడోవాడు?"

"మూడోవాడా... వాడి మీసం నచ్చలేదు."

"మీసం!"

"మీసం అంటే మీసమని కాదు. మనిషే అదో రకం. 'ఇదెంత, సుత్తి కూడా అక్కర్లేదు, సోయా జున్ను తౌఫా కోసినట్టు కోసేస్తా' అన్నాడా లేదా? నాకు ఒళ్ళు జలదరించింది."

"పడగొట్టేవాడు పడగొడతానని అనక ముద్దులు పెడతానంటాడా? ఇదిగో, నాలుగో ఆయన వస్తున్నాడు. ఈయన్ని కూడా పంపించేశావంటే ఇక నేనే సమ్మెట పట్టుకోవాలి."

"నువ్వు పట్టుకోవద్దు."

"ఏం?"

"ఏం లేదు. నీకు చేతకాదు. మొన్న జామ్ సీసా మూత రాక పక్కింటికి పట్టుకెళ్ళావు."

"మేకు కొట్టడం చేతనవును. కొట్టనిస్తేగా! పెళ్ళి ఫోటో పది రోజులుగా నేల మీదే ఉంది. పొద్దున లేస్తూనే ఫోటోలో నీ మొహానికి నా బొటనవేలు తగుల్తోంది."

"తగలనీ. అలవాటైంది నాకు."

"నవ్వకు. మునిసిపాలిటీ కాగితం మళ్ళీ చదవనా?"

"అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. శనివారంలోపు పని మొదలవకపోతే వాళ్ళే వచ్చి పడగొడతారు."

"ఎలా పడగొడతారు? ప్రొక్లెయిన్ తెచ్చి ఒక్క పూటలో. మనకీ పక్కన ఆ కింగ్ అంకుల్ చికెన్ రైస్ కొట్టుకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. మనదానితోపాటు ఆయనదీ పోతుంది. ముప్ఫై ఏళ్ళ కొట్టు, థెంగ్. ఆయన నాతో ఏమీ అనడు. కానీ ఈ వారంలో మూడుసార్లు ఊరికే కోడి కాలు పెట్టాడు ప్లేట్లో. ఆ కాలు తినలేకపోతున్నా నేను."

"నాకు తెచ్చి పెట్టు, నేను తింటా."

"ఇవాళ సోమవారం. గురువారం పగలగొట్టే రోజు, ఇలాంటి పనికి మంచిది. అమ్మ పంచాంగంలో చూసి ఎర్ర పెన్నుతో చుట్టింది. అది దాటితే మళ్ళీ పన్నెండు రోజులకి గానీ రాదు. అప్పటికి శనివారం ఎక్కడుంటుంది?"

"అత్తయ్య మార్చి చూస్తారేమో. ఇంకో పంచాంగంలో..."

"పంచాంగాలు మార్చుకుంటూ కూర్చుంటే పైనున్న బాల్కనీ ఆగుతుందా? నిన్న రాలిన పెచ్చు నా చెయ్యంత ఉంది. కింద బండి పెట్టే గియోక్ ఆంటీ గొడుగు చిరిగిపోయింది."

"బండి వేరేచోట పెట్టుకోమని ఆవిడకి నేను చెప్పాను, జిన్. రెండుసార్లు చెప్పాను."

"వింటుందా? ఇరవై ఏళ్ళుగా ఈ నీడలోనే తౌఫా అమ్ముతోంది. బడి వదిలితే పిల్లలందరూ ఈ బండి చుట్టూనే. నిజం చెప్పు. నీకు దీన్ని పడగొట్టడం ఇష్టం లేదా?"

"ఇష్టమే."

"మరి?"

"మెట్ల మీద ఆకుపచ్చ పలకలు బావున్నాయి."

"తీసి దాచుకుందాం. కొత్త కొట్లో వేసుకుందాం. కింద నా సైకిళ్ళు, పైన నీ కేకుల బడి. నువ్వే కదా బొమ్మ గీశావు. ఓవెన్ గీశావు. ఓవెన్ మీద పిల్లిని కూడా గీశావు."

"అది పిల్లి కాదు, నా టోపీ."

"టోపీకి తోకుంది."

"తోక కాదు, రిబ్బను. వాన ఎన్నింటికి పడుతుందో చెప్పు. ఓడినవాళ్ళు కాఫీ తేవాలి."

"మాట మార్చకు."

"రెండున్నరకి. నువ్వు?"

"...మూడింటికి. థెంగ్, నేను అడిగిందానికి—"

"వెయ్ జిన్ అంటే నువ్వేనా బాస్?"

"ఆ, నేనే. బెంగ్ తెయిక్ అంకులేనా? రండి, రండి. ఈమె నా భార్య, హుయ్ థెంగ్."

"తిన్నారా?"

"తిన్నాం అంకుల్. మీరు?"

"తిన్నా, తిన్నా. హ్మ్. ఇదా."

"ఇదే అంకుల్."

"పెద్ద పని."

"అందుకే మీ దగ్గరికొచ్చాం."

"చాలా పెద్ద పని, బాస్. నాకేమో నడుం నొప్పి."

"అయ్యో. ఎప్పట్నుంచి?"

"మూడు వారాలవుతోంది. ఇపో ఊళ్ళో ఒకడున్నాడు, సియోంగ్ అని. కుర్రాడు. మంచి యంత్రాలున్నాయి. వాడి నంబరిస్తా, రాసుకో."

"మీసం ఉంటుందా?"

"ఉంటుంది. నీకు తెలుసా?"

"మొన్న వచ్చాడు. మా ఆవిడ పంపించేసింది."

"ఎందుకు?"

"మీసం నచ్చలేదట."

"జిన్! అలా ఊరందరికీ చెప్పకు. నీ నోట్లో ఒక్క మాట ఆగదు. పొద్దున చెప్పింది సాయంత్రానికి మార్కెట్లో చేపలమ్మేవాళ్ళు నాకే తిరిగి చెప్తారు."

"అంకుల్ ఒక్కరే ఊరంతానా? అంకుల్, ఉమ్మడి గోడ ఉన్న భవనం అంటే మీరే చెయ్యాలని మునిసిపాలిటీలో గుమాస్తానే చెప్పాడు. పక్కవాళ్ళ గోడకి గీత కూడా పడనివ్వరట."

"వాడికేం తెలుసు, కుర్చీలో కూర్చునేవాడికి. హ్మ్. ఈ గోడేనా ఉమ్మడిది? ఇటు రా, బాస్. ఈ చప్పుడు విను. ఇక్కడ కొడితే ఒకలా ఉంది, ఇక్కడ ఇంకోలా. వింటున్నావా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి అంకుల్."

"నీకలాగే ఉంటాయి. ఇది సిమెంటు కాదు, సున్నం. ఇటుకలు కూడా పాతవి, పొడుగ్గా ఉంటాయి. పైనుంచి కిందికి ఒక్కో వరసా చేత్తో దించుకుంటూ రావాలి. దించేకొద్దీ పక్కవాడి గోడకి ఇనుప ఊతలు పెట్టుకుంటూ రావాలి. యంత్రం ఒక్కసారి తాకిందా, ఆ కింగ్ కోళ్ళన్నీ వీధిలో ఉంటాయి."

"చూశారా, ఇలా చెప్పేవాళ్ళు ఒక్కరూ రాలేదు! పై తాళాలు తెస్తా, ఆ కింగ్ దగ్గరున్నాయి. కాఫీ కూడా తెస్తా. వాన పడకపోయినా తెస్తా. రెండు నిమిషాలు."

"బాస్, నేను ఒప్పుకోలేదింకా—"

"పాలు పోసిందా, నల్లదా?"

"...నల్లది. చక్కెర తక్కువ."

"అదీ!"

"వెళ్ళిపోయాడు. మీ ఆయన ఎప్పుడూ ఇంతేనా అమోయ్, చెప్పమ్మాయ్?"

"ఇంకా ఎక్కువే అంకుల్. ఇవాళ కొంచెం నెమ్మది. మిమ్మల్ని ఒకటి అడగనా?"

"అడుగు."

"చప్పుడు ఎంత దూరం వెళ్తుంది?"

"ఏ చప్పుడు?"

"కొట్టే చప్పుడు. వెనక సందు దాటితే మొదటిల్లే మాది."

"బాగానే వినిపిస్తుంది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా."

"ఎన్ని రోజులు?"

"చేత్తో అయితే నలభై రోజులు. పై రెండంతస్తులూ దిగాక యంత్రం తేవచ్చు. అప్పుడింకో వారం."

"మంచాలు కదుల్తాయా?"

"మంచాలా?"

"అంటే... నేల అదిరితే. మంచం, బీరువా, అలాంటివి."

"కొంచెం అదురుతుంది. బీరువా మీద గ్లాసులుంటే కింద పెట్టుకో."

"చప్పుడు లేకుండా పడగొట్టే పద్ధతి ఏదీ లేదా అంకుల్?"

"ఉంది. ముట్టుకోకుండా ఊరుకుంటే అదే పడుతుంది. ఎవరి నెత్తి మీద పడుతుందో మాత్రం చెప్పలేం."

"నేను నిజంగా అడుగుతున్నా."

"నేనూ నిజంగానే చెప్తున్నా."

"అంకుల్, మీకు ఇష్టం లేకపోతే ఒప్పుకోకండి."

"అదేంటి?"

"నడుం నొప్పి కదా, పాపం. జిన్ వచ్చాక కుదరదని చెప్పేయండి. నేనేమీ అనుకోను. మంచి మనిషి, ఉన్నమాట చెప్పాడు అనుకుంటా."

"నువ్వు నన్ను పిలిపించి నువ్వే వద్దంటున్నావా?"

"పిలిపించింది జిన్."

"నీకు ఈ పని జరగడం ఇష్టం లేదు."

"మీకూ లేదు."

"నాకు నడుం."

"నాకు... మెట్ల మీద పలకలు."

"అదేం కారణం అమోయ్?"

"మీదేం కారణం అంకుల్? ఇందాక గోడ అడుగు చూడటానికి టక్కున వంగారు, టక్కున లేచారు. మా నాన్నకి నిజంగా నడుం నొప్పి. ఆయన లేవాలంటే ముందు గోడ పట్టుకుంటాడు, తర్వాత మా అమ్మని పట్టుకుంటాడు, తర్వాత దేవుణ్ణి తిడతాడు."

"నా నొప్పి అలాంటిది కాదు. వస్తుంది, పోతుంది."

"ఇప్పుడు పోయిందా?"

"...వస్తోంది."

"ఇదిగో కాఫీ! కాఫీ పోసిన సంచులు జాగ్రత్త, వేడిగా ఉంది. ఇది మీది అంకుల్, చక్కెర తక్కువ. థెంగ్, నీకు బార్లీ నీళ్ళు. ఈ మధ్య కాఫీ వద్దంటోంది అంకుల్, పెళ్ళికి ముందు రోజుకి నాలుగు తాగేది. ఏంటిద్దరూ మొహాలు అలా పెట్టారు?"

"ఏం లేదు."

"ఏం లేదు బాస్."

"అయితే గురువారం పొద్దున్నే మొదలుపెడదాం కదా?"

"గురువారం కుదరదు."

"పగలగొట్టే రోజు అంకుల్!"

"తెలుసు. నేను రోజూ పంచాంగం చూసే ఇంట్లోంచి బయటికొస్తా. గురువారం మంచిదే. కానీ కుదరదు. ఐదు వారాలు ఆగు, అప్పుడు చూద్దాం."

"ఐదు వారాలా! శనివారంలోపు మొదలుపెట్టాలి."

"మునిసిపాలిటీ వాళ్ళని గడువు అడుగు."

"అడిగాను. రెండుసార్లు ఇచ్చారు. మూడోసారి అడిగితే ఆ ఆఫీసరు నా మొహం మీదే కిటికీ మూశాడు. ఐదు వారాలేంటి అంకుల్? నడుం నొప్పి సరిగ్గా ఐదు వారాల్లో తగ్గుతుందని మీకెలా తెలుసు?"

"డాక్టరు చెప్పింది."

"ఏ డాక్టరు?"

"ఉందిలే, ఆస్పత్రి పక్క వీధిలో. ఆవిడ."

"ఆ వీధిలో ఎముకల డాక్టరు లేదే. అక్కడుండేది—"

"అన్నీ చూస్తుంది ఆవిడ!"

"కోప్పడకండి అంకుల్."

"కోపం కాదు. చూడు, నాకు పని వద్దని కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఈ ఊళ్ళో పాత సినిమాహాలు దించింది నేనే. ఐసు ఫ్యాక్టరీ దించింది నేనే. ఒక్క దానికీ పక్కవాడు వచ్చి నా గల్లా పట్టుకోలేదు. కానీ ఇప్పుడు మాత్రం..."

"ఇప్పుడేంటి?"

"ఇప్పుడు కాదు, అంతే."

"అంకుల్ కుదరదంటున్నారు కదా జిన్. బలవంతం చేస్తావేంటి? ఇంకెవరినైనా—"

"ఇంకెవరిని? ఐదోవాణ్ణా? వాడి ముక్కు నచ్చదు నీకు!"

"అరవకు."

"నేను అరవట్లేదు!"

"గంట కొట్టారు. బడి వదిలారు."

"అదిగో, గియోక్ ఆంటీ బండి మళ్ళీ అక్కడే పెట్టింది. సరిగ్గా బాల్కనీ కిందే. ఆంటీ! ఓ ఆంటీ! బండి ఇటు లాగండి!"

"ఆ గోలలో వినపడదు ఆవిడకి."

"బాస్. ఆ బాల్కనీ మూల చూడు. ఇందాక నేనొచ్చినప్పుడు ఆ పగులు అంత లేదు."

"ఏ పగులు?"

"ఆ ఇనుప చువ్వ బయటికొచ్చిన చోట. దుమ్ము రాలుతోంది. కాఫీ పట్టుకో."

"అంకుల్, ఎక్కడికి... అంకుల్!"

"పిల్లలూ, జరగండి! రోడ్డు వైపు, రోడ్డు వైపు! ఆంటీ, వదిలెయ్ గిన్నె!"

"జిన్, ఆ చిన్న పాప! రెండు జడల పాప! అక్కడే నిలబడిపోయింది!"

"వస్తున్నా— పట్టుకున్నా! పట్టుకున్నా!"

"బండి నేను లాగుతున్నా, నువ్వు పాపని లాగు బాస్! వెనక్కి! అందరూ వెనక్కి!"

"జిన్! బాల్కనీ పడిపోయింది! దుమ్ములో ఏం కనిపించట్లేదు! జిన్, మాట్లాడు!"

"ఉన్నా, ఉన్నా. ఇక్కడే. పాప కూడా ఇక్కడే. అంకుల్?"

"ఆ. ఉన్నా. ఆంటీ ఉంది. పిల్లల్ని లెక్కపెట్టు."

"అందరూ ఉన్నారు. ఎవరికీ ఏం కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు, థెంగ్. ఏడవకు."

"నేను ఏడవట్లేదు. పాపా, ఇలా రా. చేతులు చూపించు. మోకాళ్ళు? ఏం తగల్లేదు కదా? బుర్ర నిండా సున్నం. ఉండు, దులుపుతా. ఆంటీ, మీరు కూర్చోండి. గిన్నెలు పోతే పోనివ్వండి, కొత్తవి కొనిస్తాం. అయ్యో ఆంటీ, తౌఫా గురించి ఏడుస్తారేంటి?"

"ఆవిడ నిలబడ్డ చోటు చూడు. సరిగ్గా అక్కడే. నాలుగు మణుగులుంటుంది ఆ ముక్క."

"అంకుల్."

"ఆ, బాస్."

"నిండు బండి. ఇద్దరు పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. మీరు ఒంటిచేత్తో ఈడ్చారు."

"కంగారులో, బాస్. తెలియలేదు."

"నడుం?"

"నడుం... ఆ. ఇప్పుడిప్పుడే... అమ్మా..."

"అంకుల్! అటు కాదు, మీరు ఇందాక కుడివైపు పట్టుకున్నారు."

"రెండు వైపులా నొప్పే అమోయ్."

"అంకుల్, నేనొకటి చెప్తా. మీరే చెయ్యాలి ఈ పని. గురువారమే."

"థెంగ్?"

"అవును జిన్. ముగ్గుర్నీ పంపించేసింది నేనే. చెప్పులనీ, ఫోననీ, మీసమనీ. మొదటివాడే పని మొదలుపెట్టుంటే ఈపాటికి ఆ బాల్కనీ ఉండేదే కాదు. నేను నా... నేను నా గోలే చూసుకున్నా. ఆ పాప జడలో సున్నం ఉంది చూడు. ఇంకొక్క అడుగు, జిన్."

"ఏ గోల? ఏమైంది నీకు?"

"ముందు అంకుల్ సంగతి తేలనీ. అంకుల్, మీకు నడుం నొప్పి లేదు. పని రాకా కాదు, ఇష్టం లేకా కాదు. గోడ మీద కొట్టి వింటున్నప్పుడు మీ మొహం నేను చూశాను. ఎందుకు కుదరదో చెప్పండి."

"చెప్పకూడదు అమోయ్."

"మాకు చెప్తే ఏమవుతుంది?"

"మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదు."

"దేనికి మూడు నెలలు?"

"మా ఆవిడకి, బాస్. నీకు అన్నీ విడమర్చి చెప్పాలా? నెల తప్పింది."

"ఓ! ...ఓహో! అంకుల్! కంగ్రా—"

"ష్! గట్టిగా అరవకు! గియోక్ ఆంటీ వింటే రేపు మార్కెట్లో నేను మొహం చూపించలేను. నాకు యాభై రెండేళ్ళు. తనకి నలభై అయిదు. మా అమ్మాయి కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తోంది, వచ్చే ఏడు దానికి పెళ్ళి. దానికే ఇంకా చెప్పలేదు. ఫోన్ చేసి 'నాన్నా, ఎలా ఉన్నారు' అంటే 'వాన పడుతోంది' అని పెట్టేస్తున్నా."

"మంచి సంగతే కదా అంకుల్. దానికీ ఈ భవనానికీ ఏంటి సంబంధం?"

"నీకింకా పిల్లల్లేరు, ఎవరు చెప్తారు నీకు! కడుపులో బిడ్డని కాచే దేవుడు ఒకచోట ఉండడు, బాస్. ఇవాళ తలుపులో ఉంటాడు. రేపు గోడలో—"

"—ఎల్లుండి మంచం కింద. ఆ తర్వాత రోజు పొయ్యిలో."

"ఆ. బాగా తెలుసే నీకు అమోయ్!"

"మా అమ్మ చెప్పింది."

"ఎక్కడున్నాడో తెలియకుండా సుత్తి ఎత్తి కొడితే ఆ దెబ్బ బిడ్డకి తగుల్తుంది. అందుకే కడుపుతో ఉన్నావిడ మొగుడు మేకు కొట్టకూడదు, గోడ పగలగొట్టకూడదు. నా బతుకే గోడలు పగలగొట్టడం. మా అత్త నా సమ్మెటని బియ్యం డబ్బా వెనకాల దాచి, ఆ డబ్బా మీద కుర్చీ వేసుక్కూర్చుని సీరియల్ చూస్తోంది మూడు వారాల్నుంచీ."

"మీ మనుషులున్నారుగా? వాళ్ళు కొడతారు, మీరు పక్కన నిలబడండి."

"ఉమ్మడి గోడ పై వరసలు నేనే దించుతా. ఎవరి చేతికీ ఇవ్వలేదు ఇన్నేళ్ళలో. ఇస్తే నాకు నిద్ర పట్టదు. పైగా పని నాదైతే దెబ్బ నాదే అంటుంది అత్త. మా ఆవిడ ఏమీ అనదు. కానీ నేను బయటికి బయల్దేరితే పొట్ట మీద చెయ్యేసుకుని చూస్తుంది. ఆ చూపు చూశాక సమ్మెట ఎలా ఎత్తను? నవ్వుకోండి. నలభై మంది పనివాళ్ళని తిట్టి నడిపించేవాణ్ణి, ఇంట్లో క్యాలెండరు తగిలించడానికి జిగురు కాగితం వాడుతున్నా."

"ఎవరూ నవ్వట్లేదు అంకుల్. దీనికి దారే లేదా? మా అమ్మ ఏదో ఒకటుందని... ఊడవడమని..."

"ఉంది. కొట్టబోయే చోటు ముందు కొత్త చీపురుతో ఊడ్చాలి. పైనుంచి కిందికి. 'స్వామీ, కాస్త పక్కకి జరుగు, ఇక్కడ పని ఉంది' అని చెప్పాలి. ఆయన జరుగుతాడు. అప్పుడు కొట్టుకోవచ్చు. రోజూ పని మొదలుపెట్టేముందు అలా చెయ్యాలి."

"ఇంతేనా! మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు?"

"బాస్, పెద్ద వీధి మధ్యలో, మూడో అంతస్తులో, బెంగ్ తెయిక్ చీపురు పట్టుకుని గోడ ఊడుస్తుంటే ఈ ఊళ్ళో ఎవరికి అర్థం కాదు? పది నిమిషాల్లో ఊరంతా తెలిసిపోతుంది. మూడు నెలలు నిండకుండా అలా బయటపడితే అదీ మంచిది కాదు. ఐదు వారాలైతే నిండుతాయి. అప్పుడు దర్జాగా ఊడుస్తా."

"ఆకుపచ్చ వల కట్టరా అంకుల్? దుమ్ము రోడ్డు మీదికి రాకుండా భవనం చుట్టూ కడతారు కదా."

"కడతా. చట్టం అది."

"వల కట్టాక లోపల ఏం చేస్తున్నారో రోడ్డు మీంచి కనిపిస్తుందా?"

"...కనిపించదు."

"పనివాళ్ళు ఎనిమిదింటికి వస్తారు. మీరు ఏడున్నరకి వస్తే?"

"అమోయ్."

"చెప్పండి అంకుల్."

"మూడు వారాల్నుంచి నేనూ, మా ఆవిడా, మా అత్తా, ముగ్గురం కూర్చుని ఆలోచించాం. వల సంగతి ఒక్కరికీ తట్టలేదు. రోజూ కట్టే వల!"

"చూశారా, నా భార్య! అంకుల్, మీకు మరీ సిగ్గుగా ఉంటే చీపురు నాకివ్వండి. నేను ఊడుస్తా. ఎవరైనా చూస్తే నన్ను చూసి నవ్వుతారు, అంతే కదా."

"నువ్వు మంచోడివి బాస్. కానీ అలా కుదరదు. ఏ బిడ్డ కోసం ఆ బిడ్డ తండ్రే ఊడవాలి. చీపురు కూడా అంతే. ఒక బిడ్డ కోసం కొన్నది ఇంకో బిడ్డకి పనికిరాదు."

"అలాగా. అయితే గురువారం ఖాయమేనా? ఖాయమని చెప్పండి. ఆ కింగ్‌కి ఇప్పుడే చెప్పొస్తా, ఆయన ఈ వారం రోజులూ నిద్రపోలేదు."

"ఖాయం. ఇవాళే తాడు కట్టించి ఈ వరండా మూయిస్తా, ఎవరూ అడుగు పెట్టకుండా. బుధవారం వల. గురువారం ఏడున్నరకి నేను. కానీ బాస్, కోడి కాలు తిను, నా సంగతి మాత్రం ఎక్కడా అనకు."

"అనను అంకుల్. ఒట్టు."

"నీ ఒట్టు నీ ఆవిడ నమ్మితే నేనూ నమ్ముతా. ఏం అమోయ్, నమ్మొచ్చా?"

"ఈ ఒక్క సంగతి దాస్తాడు అంకుల్. నేను చూసుకుంటా."

"సరే. అదిగో చినుకులు మొదలయ్యాయి. రెండున్నర కూడా కాలేదు. రేపు పొద్దున సంతలో ఈనెల చీపురొకటి కొనుక్కుంటా మరి."

"రెండు కొనండి అంకుల్. రెండోది జిన్ చేతికివ్వండి."